పిల్లను తోలియ్యమన్న రోజు

మొన్న బుధవారం ఒక ఇల్లు చూడడానికి వెళ్లాను. కొనడానికో అద్దెకో కాదు. సొంతవాళ్లు చూసుకోలేని పిల్లను కొన్నేళ్లపాటు తమ ఇంట్లో పెట్టుకుని పెంచుతామని ముందుకొచ్చిన దంపతుల ఇల్లు అది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక నన్ను జిల్లాలో ఇలాంటి పిల్లల మంచిచెడ్డలు చూసే కమిటీలో వేశారు. ఇళ్లకు తిరిగి చూసి రావడం నిజానికి నా పని కాదు, దానికి కావ్య అని ఒక చురుకైన అమ్మాయి ఉంది. అయినా నేను ఆగను, వెంటపడి ఆటో ఎక్కుతాను. ఆ ఇల్లు జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వాళ్లుండే పాత క్వార్టర్లలో అని తెలిశాక ఇక నన్ను ఆపడం ఎవరి తరం? గడప దాటగానే ఇంగువ తాలింపు వాసన గుప్పుమంది. కావ్య గదులు, కుళాయి, బాత్రూము చూసుకుంటూ ఫోనులో టిక్కులు పెట్టుకుంటుంటే, నేను మాత్రం ఆ వాసన దగ్గరే నిలబడిపోయాను.

దంపతులు మంచివాళ్లు, ఆ మాట చెప్పాలి. ఆయన ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఇద్దరిదీ రాజమండ్రి వైపు. వాళ్లింటికి రాబోయే పిల్ల ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. "మా పక్కనే పెద్ద స్కూలుందండీ, పాప రాగానే అందులో వేసేస్తాం" అంది ఆవిడ ఎంతో ప్రేమగా. కావ్య సంతోషంగా దానికీ ఒక టిక్కు పెట్టబోయింది. నేను అడ్డం పడ్డాను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఆ పిల్ల ఇప్పుడున్న బడిలోనే చదువుతుంది, సెలవుల్లో ఆ పిల్లను అడిగి అప్పుడు ఆలోచిద్దాం అన్నాను. నా గొంతు కాస్త పెరిగిందేమో, ఆవిడ బిత్తరపోయింది. ఏం చేస్తాం, నా నోరు అంత. తిరిగి వస్తుంటే కావ్య మెల్లగా అడిగింది: "మేడం, ఇల్లు మంచిగున్నదా, మనుషులు మంచోళ్లా అని చూడాలె గని, మీరు ఎప్పుడు జూసినా బడి కాడనే ఎందుకు పట్టు వడ్తరు?" అది ఆటోలో చెప్పే సంగతి కాదు. ఇక్కడ చెబుతాను.

మాది రాయికోడ్ పక్కన చిన్న పల్లె. నాన్న చెరకు కొట్టే పనికి మహారాష్ట్ర వైపు వెళ్లి మళ్లీ రాలేదు. అమ్మ నన్ను తీసుకుని జహీరాబాద్ వచ్చి, అల్లం కడిగి ఎండబెట్టే చోట పనికి కుదిరింది. ఆమె చేతులు ఎప్పుడూ మట్టి, అల్లం కలిసిన వాసన వేసేవి. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మకు జ్వరం వచ్చింది, దవాఖానలో వారం రోజులుంది, పోయింది. నాకు మిగిలింది పల్లెలో అవ్వ, మేనమామ మల్లయ్య. మామకు నలుగురు పిల్లలు. ఉన్న చిన్న చెలక మీద వాళ్ల కడుపు నిండడమే కష్టం, పైగా ఆ ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. మామ వెంట వెళితే నేను కూలికి పోవాల్సిందే, ఆ సంగతి అందరికంటే మామకే బాగా తెలుసు. అమ్మ దినం అయ్యాక ఆయనే నన్ను తీసుకొచ్చి మా హెడ్మిస్ట్రెస్ గ్రేసమ్మ టీచర్ ముందు నిలబెట్టి, దీని చదువు మాత్రం ఆగొద్దని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఫోస్టర్ కేర్ అన్న మాట అప్పట్లో మేమెవరం వినలేదు. మా దిక్కు దాన్ని సాదుకోవడం అంటారు. గ్రేసమ్మ టీచర్ పిల్లల ఆఫీసుకు దరఖాస్తు రాసి, ఆదివారం ప్రార్థన ముగిశాక ఇల్లిల్లూ తిరిగి, అడగని వాళ్లంటూ లేకుండా అడిగి, చివరికి తన చర్చికి సంబంధం లేని ఒక హిందూ ఇంటికి నన్ను చేర్చింది. ఫ్యాక్టరీలో ఫిట్టరు వెంకటేశ్వర్లు గారు, ఆయన భార్య భ్రమరాంబ. తెనాలి దగ్గర వాళ్లు, పిల్లలు లేరు. ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, ఏడాదికోసారి దాన్ని పొడిగించాలని అందులో ఉంది. నేను ఆమెను చిన్నమ్మా అంటే, "పిన్నీ అనవే, చిన్నమ్మంటే మా ఊళ్లో మా ముసలి అత్తయ్యని పిలిచినట్టుంటుంది" అని నవ్వింది. అలా వాళ్లు నాకు పిన్ని, బాబాయి అయ్యారు.

ఆ ఇంట్లో పొద్దు సైరనుతో మొదలయ్యేది. సైరను కూయకముందే పిన్ని లేచి వాకిలి కడిగి ముగ్గు పెట్టి, ఇత్తడి ఫిల్టరులో కాఫీ దింపి, పప్పుకు ఇంగువ తాలింపు పెట్టేది. బాబాయి నీలం చొక్కా తొడుక్కుని, స్టీలు క్యారియరు సైకిలుకు తగిలించుకుని బయల్దేరేవాడు. సాయంత్రం వచ్చేసరికి ఆ చొక్కాకు గ్రీజు వాసన. నా పుస్తకాలకూ అదే వాసన, ఎందుకంటే విడిభాగాలు చుట్టి వచ్చే దళసరి గోధుమరంగు కాగితం ఫ్యాక్టరీలో పారేస్తుంటే అడిగి తెచ్చి, బాబాయి నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేవాడు. కొలతలు తీసి, మూలలు మడిచి, ఒక్క గీత వంకర పోకుండా. క్లాసులో నన్ను ట్రాక్టర్ పిల్ల అని ఏడిపించేవాళ్లు. నేను ఏడ్చింది మొదటి వారమే. తర్వాత ఆ పేరు నాకు ఇష్టమైపోయింది.

పిన్ని చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. ఆ కసి అంతా నా మీద తీర్చుకుంది. తాను పచ్చడి రుబ్బుతుంటే పొత్రం తిరుగుతున్నంతసేపూ నేను పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పాలి. తప్పు చెబితే పొత్రం ఆగిపోయేది. సాంఘికశాస్త్రం ఆమెకు కథలా చదివి వినిపించాలి, మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసేది, నాకు తెలియకపోతే రేపు టీచరును అడిగి రమ్మనేది. ఇక మా భాషల సంగతి చెప్పాలంటే అదొక నాటకం. మొదటిసారి ఆమె బజారుకు బయల్దేరుతుంటే జాగ్రత్త అనే అర్థంలో "పైలం పిన్నీ" అన్నాను. "అలాగే, దొరికితే తెస్తాలే" అని వెళ్లి, మూడు కొట్లలో పైలం అడిగి వచ్చింది. జొన్నరొట్టె లేక నా మొహం వాడిపోతోందని ఆమె పట్టుబట్టి పక్కింటామె దగ్గర నేర్చుకుంది. నెల రోజులు ఆమె చేసిన రొట్టెలు ముక్కలుగానే తిన్నాం. బాబాయి పాపం నోరెత్తేవాడు కాదు.

ఇదంతా బాగానే ఉంది కానీ, ఆ ఇల్లు నాది అని మాత్రం నాకు ధైర్యంగా అనిపించేది కాదు. ఏడాదికోసారి వచ్చే ఆ కాగితం మీదే నా బతుకు ఆధారపడిందని తెలుసు. నాది అని గట్టిగా అనుకోగలిగింది ఒక్క బడినే. అక్కడ అమ్మ ఉన్నప్పుడు ఏ బెంచీ మీద కూర్చున్నానో, అమ్మ పోయాకా అదే బెంచీ. నా పక్కన అదే స్నేహితురాలు జైనబ్. నన్ను చూడగానే ఎవరి తాలూకు అని ఎవరూ అడగని చోటు అదొక్కటే.

నేను పదో తరగతికి వచ్చిన ఏడాది, పరీక్షలకు ఇంకా రెండు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం మల్లయ్య మామ వచ్చాడు. భుజాన నాలుగు చెరకు గడలు, కండువాలో మూట కట్టిన పచ్చి శనగలు. లోపలికి రమ్మన్నా రాలేదు, వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాబాయి డ్యూటీలో ఉన్నాడు. నేను అప్పుడే భోజనానికి బడి నుంచి వచ్చి, ముందు గదిలో పరదా వెనక నిలబడి వింటున్నాను. అవ్వకు బాగా లేదట, నన్ను కలవరిస్తోందట. మామ నేల చూపులు చూస్తూ, ఎంతో మర్యాదగా అన్నాడు: "అవ్వ పానం మంచిగ లేదమ్మా. జర మా పిల్లను తోలియ్యిన్రి."

మా దిక్కు ఆడపిల్లను పంపమని అడగడానికి అంతకంటే మర్యాదైన మాట లేదు. తోలియ్యడం అంటే ఊరికే పొమ్మనడం కాదు, వెంట మనిషినిచ్చి భద్రంగా సాగనంపడం. కానీ మా పిన్ని తెనాలి మనిషి. వాళ్ల వైపు తోలేది ఎద్దుల్ని, గేదెల్ని. పిల్లను తోలెయ్యమంటున్నాడని, అంటే ఇంట్లోంచి వెళ్లగొట్టమంటున్నాడని ఆమె చెవికి వినబడింది. ఇక చూడాలి! చీర కొంగు నడుముకు దోపుకుని లేచింది. "తోలెయ్యడానికి మా పిల్లేమన్నా గొడ్డనుకున్నావా ఏవయ్యా? పరీక్షలు నెత్తి మీదుంటే చదువు మాన్పించి తోలుకుపోతావా? నేను బతికుండగా ఈ గడప దాటనివ్వను!" అని వీధి వీధంతా వినిపించేలా అరిచింది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. మామకు ఏమీ అర్థం కాలేదు. తాను అన్నదాంట్లో తప్పేముందో ఆయనకెలా తెలుస్తుంది? చివరికి, మా పిల్లను మాకు కండ్లజూడనియ్యరా అని ఒక్క మాట అని, చెరకు గడలు అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

రెండు మాటలూ నాకు తెలుసు. ఆ వీధిలో రెండూ తెలిసింది నాకొక్కదానికే. పరదా తీసి బయటికొచ్చి ఒక్క వాక్యం చెప్పి ఉంటే అంతా నవ్వుతో పోయేది. చెప్పలేదు. భయం ఒక కారణం, ఒకసారి ఆ గడప దాటితే తిరిగి రానిస్తారో లేదో అని. కానీ అసలు కారణం అది కాదు, ఇన్నేళ్ల తర్వాత దాచడమెందుకు? నాకోసం ఒక మనిషి అంత గట్టిగా కొట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. ఆ సుఖం ఇంకాసేపు కావాలనిపించింది. నోరు మూసుకుని విన్నాను. అటు పల్లెలో అవ్వ నా పేరు పలవరిస్తూ పడుకుని ఉంది.

నా మౌనం ఫలితం పది రోజుల్లో తెలిసింది. అవమానపడ్డ మామ ఊరి పెద్దను వెంటబెట్టుకుని పిల్లల ఆఫీసుకు వెళ్లాడు. అవ్వకు చూపించడానికి కూడా పిల్లను పంపడం లేదని చెప్పుకున్నాడు. ఆఫీసు వాళ్లు ఎవరినీ ఏమీ విచారించకుండా, తగాదా తేలేదాకా నన్ను జిల్లా కేంద్రంలోని హాస్టలుకు మార్చాలని నిర్ణయించారు. అదీ వచ్చే సోమవారమే. గ్రేసమ్మ టీచర్ తల పట్టుకుంది. పరీక్షకు పేర్లు ఎప్పుడో వెళ్లిపోయాయి, ఇప్పుడు బడి మారిస్తే ఆ ఏడు పరీక్ష రాసే దారే లేదు. ఒక ఏడు ఆగిన ఆడపిల్ల మళ్లీ బడికి రావడం తానెక్కడా చూడలేదని ఆమె బాబాయితో అంటుంటే విన్నాను. పిన్ని రెండు రోజులు పచ్చడి రుబ్బలేదు.

సోమవారం రాక ముందే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాలని టీచరే పట్టుబట్టింది. శనివారం పొద్దున బడిలో, ఆమె గదిలో, ఒకవైపు పిన్ని బాబాయి, ఒకవైపు మామ, మధ్యలో ఫైలుతో ఆఫీసరు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. నా గురించి గంటసేపు మాట్లాడారు, నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. పిల్లను తోలియ్యమంటే తప్పయిందా అని మామ. ఇదిగో మళ్లీ అదే మాట, మీ ముందే అంటున్నాడు చూడండి అని పిన్ని. ఆఫీసరుకు విసుగొచ్చి కలం తీశాడు. ఆ కలం చూసేసరికి నా నోరు తెరుచుకుంది.

"సార్, ఇందుల ఎవ్వరి తప్పు లేదు, మాట తప్పు. మా దిక్కు తోలిచ్చుడంటె వెంట మనిషినిచ్చి మంచిగ పంపుడు. పిన్నోళ్ల దిక్కు ఎడ్లను, బర్లను తోల్తరు. గంతే సార్."

మామ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నా అక్క బిడ్డను నేను పశువంటనా అమ్మా?" అన్నాడు పిన్నితో. పిన్ని తల కొట్టుకుంది, ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది, ఆయనకు రెండు చేతులూ జోడించింది. ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వి, ఇంతసేపటికి మొదటిసారి నా వైపు తిరిగి, మరి నువ్వేమంటావు, ఎక్కడుంటావు అని అడిగాడు.

"ఇల్లు మీరు ఏదన్న ఇయ్యున్రి సార్. మామ ఇల్లైనా, పిన్ని ఇల్లైనా, మీ హాస్టలైనా ఉంట. బడి మాత్రం నాది. దాన్ని గుంజుకోకున్రి."

పదిహేనేళ్ల పిల్ల ఆ మాట అనగలిగినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. వినయం నటించడం నా చేత కాదు. నా జీవితంలో ఎన్నో ఉపన్యాసాలిచ్చాను, దండలు వేయించుకున్నాను, కానీ నేను మాట్లాడిన మాటల్లో ఇదే పనికొచ్చిన మాట. ఆఫీసరు ఆ ఫైలు మూసేశాడు. పరీక్షలయ్యేదాకా బడి మారదు, ఇల్లు మారదు, నెలకు రెండు ఆదివారాలు పల్లెకు వెళ్లి రావచ్చు అని అక్కడికక్కడే ఒప్పందం రాసి, అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే నన్ను కూడా సంతకం పెట్టమంది గ్రేసమ్మ టీచర్. నా పేరు నర్సమ్మ అని గుండ్రంగా రాశాను.

ఆ మర్నాడే పల్లెకు వెళ్లాను. వెంట మనిషి ఎవరనుకున్నారు, పిన్నే! బస్సు దిగి, పొలం గట్ల మీద చెప్పులు చేతపట్టుకుని నడిచి, అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుంది. కొత్తగా నేర్చుకున్న మాట వాడాలని సరదా పుట్టింది కాబోలు, "మీ పిల్లని తోలించుకుని వచ్చానమ్మా" అంది. అందులోనూ తప్పే, తోలుకొచ్చిన అనాలి. మామ భార్యా పిల్లలూ విరగబడి నవ్వారు. అవ్వ నా మొహం తడిమి, ఆమె మొహమూ తడిమి, ఇద్దరికీ రొట్టె పెట్టించింది. రొట్టె విరగకుండా ఎలా వస్తుందో పిన్ని పొయ్యి పక్కన కూర్చుని అడిగి తెలుసుకుంది. అవ్వ ఆ తర్వాత మూడేళ్లు బతికింది.

పదో తరగతి ప్యాసయ్యాను. ఫస్టు క్లాసేమీ కాదు, లెక్కల్లో గట్టెక్కాను. బాబాయి మాత్రం ఫ్యాక్టరీలో తన షెడ్డంతటికీ మైసూర్‌పాక్ పంచాడు. మామ పల్లె నుంచి చెరకు మోపు తెచ్చి, ఈసారి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంటరు, టీచరు ట్రైనింగు, ఉద్యోగం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొగుడంపల్లి బడిలో మొదటి రోజు బోర్డు మీద తేదీ వేస్తుంటే, ఈ చేయి అల్లం కడగాల్సిన చేయి అనుకున్నాను.

ఇప్పటితో పోల్చి చూస్తే ఎన్ని మారాయో! అప్పుడు ఒక టీచరమ్మ కాళ్లరిగేలా తిరిగితే ఒక పిల్లకు ఇల్లు దొరికేది. ఇప్పుడు చట్టం ఉంది, కమిటీ ఉంది, ఇంటికొచ్చి చూసేవాళ్లున్నారు, పెంచేవాళ్లకు శిక్షణ ఉంది, పిల్ల పై చదువులకు దారులున్నాయి. పిల్ల మాట వినాలని నిబంధనల్లోనే ఉంది. ఇవన్నీ మంచివే, వీటిలో కొన్నింటి కోసం నేనూ నోరు చేసుకున్నాను. కానీ ఫారం నిండాలనే తొందరలో, మంచి ఇల్లు దొరికిందన్న సంతోషంలో, బడి మార్పు అన్న గడిలో ఇప్పటికీ ఇట్టే టిక్కు పడిపోతుంది. చెడ్డవాళ్లు చేసే పని కాదది, మంచివాళ్లే చేస్తారు. తల్లి పోయి, ఇల్లు పోయి, ఊరు పోయిన పిల్లకు మిగిలిన ఆ ఒక్క బెంచీ కూడా తీసేస్తున్నామని వాళ్లకు తోచదు. అందుకే మా కమిటీలో ఫైలు తెరవగానే నేను మొదట బడి సంగతి అడుగుతాను. వెనకాల నన్ను బడి మేడం అని నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. నేను వచ్చాక చదువు మధ్యలో బడి మారిన పిల్ల మా దగ్గర ఒక్కతీ లేదు.

ఆ బుధవారం ఇంటికొచ్చేసరికి పిన్ని వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాబాయి పోయినప్పటి నుంచి ఆమె నా దగ్గరే ఉంటుంది, లేదా నేను ఆమె దగ్గర ఉంటున్నాను. చూపు తగ్గింది కానీ చిక్కుడు గింజల్లో పుచ్చు ఉంటే వేలికే తెలిసిపోతుంది. క్వార్టర్లకు వెళ్లొచ్చానని చెప్పాను. ఎవరెవరున్నారు, ఆ ముందు వేపచెట్టు ఉంచారా కొట్టేశారా అని అడిగింది. నేను పక్కన కూర్చుని కాసేపు కాయలు ఒలిచాను. ఇన్నేళ్లుగా చెప్పాలనుకుని చెప్పని మాట ఆ రోజు ఎందుకో ఆగలేదు. మామ తోలియ్యమన్న రోజు నేను పరదా వెనకే ఉన్నానని, ఆ మాటకు అర్థం నాకు తెలుసునని, తెలిసీ ఊరుకున్నానని చెప్పేశాను. నా పరీక్ష పోబోయిందీ, మామ నలుగురిలో మాట పడిందీ, ఆమె రెండు రోజులు రోలు ముట్టనిదీ అంతా నా వల్లేనని చెప్పాను.

పిన్ని చేతులు ఆగలేదు. "పరదా కింద నీ కాళ్లు కనిపించాయే" అంది.

మరి పిలిచి అడగలేదేం అన్నాను.

"ఆ మాటకి అర్థమేంటో నాకేం తెలుసు? నువ్వు వింటున్నావని మాత్రం తెలుసు. వచ్చి మూడేళ్లవుతున్నా గిన్నె పెట్టినా తీసినా చప్పుడు కానిచ్చేదానివి కాదు, ఎప్పుడు పొమ్మంటామో అన్నట్టు తిరిగేదానివి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా నమ్మేదానివి కాదు. ఆయన మీద కోపం రాకేం, వచ్చింది. కానీ వీధంతా వినిపించేలా అరిచింది ఆయన కోసం కాదే. నీకు వినపడాలని."

"వినపడింది పిన్నీ" అన్నాను.